పెద్ద సంఖ్య స్వభావాన్ని తెలుసుకోవడం ఎలా?

ఒక పెద్ద పూర్ణసంఖ్య గురించి మనకు కలిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. ఆ సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొడితే చాలు. కాబట్టి ముందు ఆ పని ముగించండి. కాగితం మీద చేసి చూడటానికి 12,01,464 తీసుకుందాం.

1. చిన్న ప్రధాన సంఖ్యలను ఏరివేయండి

చివరి మూడు అంకెలు 464. దీన్ని 8 నిశ్శేషంగా భాగిస్తుంది కనుక మొత్తం సంఖ్యనూ భాగిస్తుంది. చివరి నాలుగు అంకెలు 1464ను 16 భాగించదు. అంటే ఇందులో 2 మూడుసార్లే ఉంది. అంకెల మొత్తం 18, కాబట్టి 9తోనూ భాగించవచ్చు. 8, 9ల లబ్ధం 72తో భాగిస్తే 16,687 వస్తుంది. దీని అంకెల మొత్తం 28 కనుక ఇక 3 లేదు. 5, 7 కూడా కుదరవు. అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి, రెండు మొత్తాల తేడా చూస్తే సున్నా వస్తుంది, అంటే 11 ఉంది. భాగిస్తే 1517.

2. మొండి శేషాన్ని పట్టుకోండి

అసలు కష్టం ఇక్కడే. 1517 చూడటానికి ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది, కానీ చూపును నమ్మకూడదు. దాని వర్గమూలం 39కి కాస్త తక్కువ. కాబట్టి 37 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. ఆ పైన వెతకనక్కర్లేదు, ఎందుకంటే రెండు కారణాంకాలూ వర్గమూలాన్ని మించితే లబ్ధం 1517ను దాటిపోతుంది.

17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా చూపిన దారి ఇంకా అందంగా ఉంటుంది. సంఖ్యకు పైనున్న మొదటి వర్గం 39², అంటే 1521. అందులోంచి 1517 తీసేస్తే 4, అదీ వర్గమే. కనుక 1517 = 39² − 2² = 37 × 41. కారణాంకాలు రెండూ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే ఈ దారి ఇంత త్వరగా ఫలిస్తుంది.

12,01,464 = 2³ × 3² × 11 × 37 × 41.

3. ఇక లెక్కలు కట్టండి

ఒక్కో ఘాతాంకానికి 1 కలిపి గుణిస్తే కారణాంకాల సంఖ్య వస్తుంది: 4 × 3 × 2 × 2 × 2 = 96. బేసి ఘాతాంకాలు ఉన్నాయి కనుక ఇది వర్గ సంఖ్య కాదు. వర్గం కావాలంటే కనీసం 2 × 11 × 37 × 41, అంటే 33,374తో గుణించాలి.

రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? 4తో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన సంఖ్యల ఘాతాంకాలన్నీ సరి సంఖ్యలైతేనే అది సాధ్యం. 3 ఘాతాంకం 2, ఇబ్బంది లేదు. 11 ఒక్కసారే ఉంది, కాబట్టి వీలు కాదు.

అంకెల మొత్తానికి మాత్రం నేను పెద్ద విలువ ఇవ్వను. అది మనం పదుల్లో రాస్తున్నందువల్ల వచ్చింది. 0, 1 అనే రెండే అంకెలు వాడే పద్ధతిలో రాస్తే మారిపోతుంది, 96 మాత్రం మారదు.

4. సంఖ్య మరీ పెద్దదైతే

ఇరవై అంకెల సంఖ్యను విడగొట్టడం కంప్యూటర్‌కు క్షణాల పని. వందల అంకెలుంటే అది కూడా తడబడుతుంది. విడగొట్టమని సవాలుగా ప్రకటించిన ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యను 2020లో గానీ విడగొట్టలేకపోయారు, అదీ ఎన్నో కంప్యూటర్లను కలిపి నడిపితేనే. కానీ ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడానికి దాన్ని విడగొట్టనక్కర్లేదు, అందుకు వేగమైన పరీక్షలు వేరే ఉన్నాయి. కాబట్టి చిన్న ప్రధాన సంఖ్యలన్నీ తీసేశాక మిగిలినదాన్ని ముందు ఆ పరీక్షకు పెట్టండి. ప్రధానమని తేలితే పని అక్కడితో అయిపోయినట్టే.