కన్నీళ్లున్న బొమ్మలన్నీ ఏడుపు బొమ్మలు కావు

మీ ఇంట్లో పెద్దవాళ్లు వాట్సాప్ వాడుతుంటే, పక్కన కూర్చుని ఈ ఒక్కటీ చూపించండి: కన్నీళ్లతో నవ్వే ఎమోజీ బొమ్మకూ, ఏడ్చే ఎమోజీ బొమ్మకూ ఉన్న తేడా.

మొన్న పుత్తూరులో మా బంధువొకాయన పోయారని ఫ్యామిలీ గ్రూపులో కబురొచ్చింది. తిరుపతి నుంచి మా పెద్దమ్మ వెంటనే నాలుగు కన్నీళ్ల బొమ్మలు పెట్టింది. అవి ఏడ్చేవి కాదు, పగలబడి నవ్వేవి. "నేనేం పాపం చేసినానే, ఏడుపనుకునే కదా పెట్టింది" అని రెండు రోజులు కుమిలిపోయింది పాపం.

తప్పు ఆమెది కాదు. చిన్న స్క్రీన్‌లో రెండూ ఒకేలా ఉంటాయి. నవ్వేదానికి తెల్లగా పళ్లు కనిపిస్తాయి, కన్నీటి బొట్లు కళ్ల కొసల్లో రెండే. ఏడ్చేదానికి బుగ్గల మీదుగా కిందిదాకా నీలం ధారలు కారుతుంటాయి. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు 'ఆ ఏటి పదం'గా ఎంచింది ఆ నవ్వే బొమ్మనే. అంత వాడకంలో ఉంది అది.

అనుమానమొస్తే ముందు మన నంబరుకే పంపుకోవాలి. మాటల్లేకుండా ఒక్క ఎమోజీ పంపితే పెద్దగా కనిపిస్తుంది, పళ్లున్నాయో లేదో తెలిసిపోతుంది. పొరపాటున గ్రూపులో పెట్టేసి ఉంటే, దాన్ని నొక్కిపట్టి వెంటనే అందరికీ డిలీట్ చేసేయండి.

నన్నడిగితే చావు కబురుకు దండం బొమ్మ ఒక్కటి చాలు. వీలైతే "చాలా బాధగా ఉంది నాయనా" అని వాయిస్ మెసేజ్ పెట్టమనండి. పెద్దమ్మ ఇప్పుడు అదే చేస్తోంది.