పాట సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగిపోతోందా? మార్చే ముందు కారణం తేల్చుకోండి

మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మార్చేద్దామన్న ఆలోచన ఏదో ఒక చికాకుతోనే మొదలవుతుంది. పాడింది ఆలస్యంగా వినిపిస్తుంది, లేదా లూప్ దాటి పాట కదలదు, లేదా పంపిన ప్రాజెక్టు అవతలివాళ్ల దగ్గర తెరుచుకోదు. వీటిలో చాలావాటికి కారణం సెట్టింగులే. కొత్తది కొన్నా ఆ ఇబ్బంది వెంటే వస్తుంది. కొన్నిటికి మాత్రం మీరు పనిచేసే తీరుకూ ఆ సాఫ్ట్‌వేర్ తీరుకూ పొంతన కుదరకపోవడమే కారణం. డబ్బు పెట్టే ముందు మీది ఏ రకమో తేల్చుకోవాలి.

పాడుతుంటే గొంతు ఆలస్యంగా వినిపిస్తోంది

ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ముందు బఫర్ చూడండి, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టుకుని పంపే శాంపిళ్ల (శబ్దం కొలతల) సంఖ్య. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ అంటే ఒకవైపుకే 21 మిల్లీసెకన్లు. గొంతు లోపలికి వెళ్లి హెడ్‌ఫోన్‌కి తిరిగి వచ్చేసరికి అది రెట్టింపవుతుంది, ఆ తేడాకు ఏ గాయకుడైనా తడబడతాడు. రికార్డింగ్ అప్పుడు 128కి దించితే ఒకవైపు 2.7 మిల్లీసెకన్లే. మిక్సింగ్‌కి మళ్లీ 1024 పెట్టుకోండి.

128 దగ్గర చిటపటలు వస్తే బరువైన ఇన్‌స్ట్రుమెంట్ ట్రాకుల్ని ఫ్రీజ్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆడియోగా మార్చి కంప్యూటర్ భారం తగ్గించండి. విండోస్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కి కలిపే పెట్టె) తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవరే (ఆలస్యం తగ్గించే డ్రైవర్) వాడండి. బఫర్ తగ్గించినా ఆలస్యం పోకపోతే మాస్టర్ ట్రాక్‌ మీద లీనియర్ ఫేజ్ ఈక్యూ గానీ, లుక్ అహెడ్ ఉన్న లిమిటర్ గానీ (పని చేయడానికే ఆలస్యం కలిపే ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు) ఉందేమో చూసి, రికార్డింగ్ అయ్యేదాకా తీసేయండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో ట్రాక్ పాడించకండి, దానికి సెట్టింగుల్లో మందు లేదు.

ఏబుల్‌టన్ లైవ్‌లోకి తేగానే గొంతు సాగినట్టు, ముక్కలైనట్టు ఉంది

పొడవైన ఆడియో ఫైలు వేయగానే లైవ్ దాని టెంపోను తనే ఊహించి, ప్రాజెక్టు టెంపోకి సాగదీస్తుంది. క్లిక్ (మెట్రోనోమ్ చప్పుడు) లేకుండా పాడిన పల్లవి విషయంలో ఆ ఊహ తరచూ తప్పుతుంది. క్లిప్ వ్యూలో (ఆ ఫైలు సెట్టింగులు కనిపించే చోట) ఈ సాగదీతకు ఉన్న వార్ప్ బటన్ ఆపేస్తే గొంతు మామూలుగా వినిపిస్తుంది. ప్రతిసారీ ఈ బాధ లేకుండా సెట్టింగుల్లోని రికార్డ్, వార్ప్, లాంచ్ పేజీలో 'ఆటో-వార్ప్ లాంగ్ శాంపిల్స్' ఆఫ్ చేయండి. నిజంగానే టెంపో మార్చాల్సి వస్తే వార్ప్ మోడ్ 'బీట్స్' మీద వదలకండి. అది డ్రమ్స్ కోసం. గొంతుకి 'కాంప్లెక్స్ ప్రో' పెట్టండి. ఈ ఒక్క సెట్టింగు తెలియక లైవ్ గొంతుకి పనికిరాదని వదిలేసేవాళ్లు ఉన్నారు, అది అన్యాయం.

8 బార్ల (ఆవర్తనాల) లూప్ అద్భుతంగా ఉంది, పాట మాత్రం అవ్వడం లేదు

ఎఫ్‌ఎల్ స్టూడియో, లైవ్ వాడేవాళ్లలో ఇది ఎక్కువ. ఎఫ్‌ఎల్‌లో ప్యాటర్న్, లైవ్‌లో సెషన్ వ్యూ రెండూ ఒక ముక్కను తిప్పితిప్పి వినడానికి కట్టినవి. చెవి ఆ సుఖానికి అలవాటు పడితే చరణం గుర్తుకే రాదు.

ఎఫ్‌ఎల్‌లో అన్ని వాయిద్యాలనూ ఒకే ప్యాటర్న్‌లో కుక్కడం అసలు చిక్కు. ప్యాటర్న్ మెనూలో 'స్ప్లిట్ బై ఛానల్' నొక్కితే తబలా, బాస్, ప్యాడ్ దేనికది విడిపోతాయి. అప్పుడు ప్లేలిస్ట్‌లో పల్లవికి అన్నీ, చరణం మొదటి రెండు పాదాలకు బాస్ తీసేసి, ఇలా పరుచుకోవచ్చు. పైన 'ప్యాట్' నుంచి 'సాంగ్' మోడ్‌కి మార్చడం మరవద్దు.

లైవ్‌లో అయితే అరేంజ్‌మెంట్ రికార్డ్ నొక్కి, సెషన్ వ్యూలో సీన్లను (ఒకేసారి మోగే క్లిప్పుల అడ్డవరుసలను) పాట వరుసలో వాయిస్తూ పోండి. అయ్యాక ట్యాబ్ కీ నొక్కితే అదంతా టైమ్‌లైన్ మీద కనిపిస్తుంది. కనిపించినా వినిపించకపోతే, సెషన్ క్లిప్పులే ఇంకా మోగుతున్నాయన్నమాట. పైన నారింజ రంగులో వెలిగే 'బ్యాక్ టు అరేంజ్‌మెంట్' బటన్ నొక్కాలి.

ఇవన్నీ చేశాక కూడా లూప్ దగ్గరే ఆగుతుంటే అప్పుడు పొంతన సమస్యే. టైమ్‌లైన్‌తోనే తెరుచుకునే రీపర్, లాజిక్ ప్రో, క్యూబేస్ లాంటివి చూడండి. ఖాళీ టైమ్‌లైన్ ఎదురుగా ఉంటే తర్వాత ఏమిటన్న ప్రశ్న అదే అడుగుతుంది.

ట్యూన్ గొంతులో పుడుతుంది, ట్రాక్ తెరిచేలోపు పోతుంది

డమ్మీ లిరిక్స్‌తో హమ్ చేస్తూ పాట కట్టేవాళ్లకు మొదట కావలసింది రికార్డు బటన్. సింథ్‌ల జాబితా తర్వాతి సంగతి. మైక్ ట్రాక్ ఆర్మ్ అయి (రికార్డింగ్‌కి సిద్ధంగా ఉండి), శ్రుతి డ్రోన్ ఒక ట్రాక్‌లో, క్లిక్ ఒక మీటలో ఉన్న ఖాళీ ప్రాజెక్టు తయారుచేసి టెంప్లేట్‌గా దాచండి. కొత్త ప్రాజెక్టు తెరిస్తే అదే రావాలి. రీపర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని ప్రాజెక్ట్ పేజీలో, లైవ్‌లో ఫైల్ మెనూలో ఈ వీలుంది.

ఇలాంటివాళ్లు సాఫ్ట్‌వేర్‌లో ముఖ్యంగా పరీక్షించాల్సింది టేకుల పని. ఒకే లైను ఐదుసార్లు పాడి, మొదటి మాట రెండో టేకు నుంచి, చివరి సంగతి ఐదో టేకు నుంచి తీసి అతికించండి. లాజిక్‌లో స్వైప్ చేస్తే చాలు. రీపర్, క్యూబేస్‌లలోనూ ఇది సులువే. ఎఫ్‌ఎల్‌లో గొంతు రికార్డింగ్ కావాలంటే ప్రొడ్యూసర్ ఎడిషన్ చూడండి. చవకైనది కొనే ముందు ఎడిషన్ల పోలిక పట్టిక చదవడం తప్పనిసరి.

తాళం గ్రిడ్‌తో (టైమ్‌లైన్ మీది బీట్ గీతలతో) కలవడం లేదు

మిశ్రచాపును 4/4లో పెడితే ప్రతి రెండో బారుకీ ఎడిటింగ్ నరకమవుతుంది. టైమ్ సిగ్నేచర్ 7/8 చేయండి. మామూలు క్లిక్ 7 దెబ్బల్నీ ఒకేలా కొట్టి గాయకుణ్ని తికమక పెడుతుంది కాబట్టి దాన్ని ఆపేసి, ఒక బార్ మిడి (స్వరాల, దెబ్బల సూచనలు మాత్రమే ఉండే ఫార్మాట్) క్లిప్ చేసుకోండి. తకిట తకధిమిలో 1, 4, 6 అక్షరాల మీద దెబ్బలు, అందులో 1 గట్టిగా. ఖండచాపుకి 5/8, దెబ్బలు 1, 3, 4 మీద. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పనిచేస్తుంది.

క్లిక్ లేకుండా హార్మోనియంతో పాడిన భజన సంగతి వేరు. అక్కడ గ్రిడ్డే పాట వెంట నడవాలి. లాజిక్‌లో స్మార్ట్ టెంపో, క్యూబేస్‌లో టెంపో డిటెక్షన్ ఈ పని చేస్తాయి. రీపర్‌లో చేత్తో టెంపో మార్కర్లు పెట్టాలి. అయితే అంతకుముందే ప్రాజెక్ట్ సెట్టింగుల్లో ఐటెమ్‌ల టైమ్‌బేస్ 'టైమ్' అని మార్చాలి. లేకపోతే మార్కర్ జరిపిన ప్రతిసారీ ఆడియో కూడా జరుగుతుంది. మీ పనిలో సగం ఇలాంటిదే అయితే మొదటి రెండిటికే ఓటు.

కీబోర్డు మీద గమకం అందడం లేదంటే ఎక్కువసార్లు పిచ్ బెండ్ పరిధి 2 సెమిటోన్ల దగ్గరే ఉండడం కారణం. స నుంచి ప దాకా జారాలంటే 7 కావాలి. ఇన్‌స్ట్రుమెంట్‌లో 12 పెట్టుకోండి.

అవతలి స్టూడియోలో ప్రాజెక్టు తెరుచుకోదు

ప్రాజెక్టు ఫైలు పంపకండి, స్టెమ్స్ పంపండి, అంటే ట్రాకులు ఒక్కొక్కటీ విడి ఆడియో ఫైలుగా. ప్రతి ట్రాకూ ప్రాజెక్టు మొదటి బిందువు నుంచే మొదలవ్వాలి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్, మాస్టర్ లిమిటర్ లేకుండా. టెంపో ఫైలు పేరులోనే రాయండి. ట్యూన్ మిడి విడిగా జతచేయండి. సినిమా మిక్సింగ్‌లో ప్రో టూల్స్ వాడకం ఎక్కువ. అంతమాత్రాన మీరు అందులోనే ట్యూన్ కట్టాల్సిన పని లేదు.

ప్లగిన్ల సంగతి మాత్రం కొనే ముందే చూడాలి. ప్రో టూల్స్ ఏఏఎక్స్ ఫార్మాట్ ప్లగిన్లనే, లాజిక్ ఆడియో యూనిట్స్‌నే తీసుకుంటాయి. మీకు ప్రాణమైన వీణ లైబ్రరీ వీఎస్‌టీ ఫార్మాట్‌లో మాత్రమే ఉంటే ఆ రెండిట్లోనూ నేరుగా తెరుచుకోదు. లాజిక్‌కి మ్యాక్ గానీ ఐప్యాడ్ గానీ కూడా కావాలి.

"ఇందులో సౌండ్ పల్చగా ఉంది"

ఒకే వేవ్ ఫైలును ఏ ప్లగినూ లేకుండా, ఒకే లెవెల్‌లో, ప్యాన్ లా (ఎడమ కుడి లెవెల్‌ను సర్దే సెట్టింగు) కూడా ఒకటే పెట్టి రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ రెండు ఫైళ్లనూ పక్కపక్కన వేసి ఒకదాని పొలారిటీ తిప్పితే (తరంగాన్ని తలకిందులు చేస్తే) నిశ్శబ్దం రావాలి. వచ్చిందంటే పల్చదనం మీ మిక్స్‌లో ఉంది, సాఫ్ట్‌వేర్‌లో లేదు.

మార్చడమే మేలని తేలితే

రెండిటిని మించి ట్రయల్ పెట్టుకోకండి. ఒకే పల్లవిని రెండిట్లోనూ హమ్మింగ్ నుంచి ఎక్స్‌పోర్ట్ దాకా తీసుకెళ్లండి. మెరుపులు చూడకండి, ఎక్కడ చేయి ఆగిందో చూడండి. రీపర్ 60 రోజులు పూర్తిగా పనిచేస్తుంది, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు.  ఎఫ్‌ఎల్ ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్లీ తెరుచుకోదు, కాబట్టి మూసేముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. కొంటే మాత్రం దాని అప్‌డేట్లు జీవితాంతం ఉచితం.

పాతది తీసేసే ముందు పూర్తికాని ప్రతి పాటకూ స్టెమ్స్, మిడి తీసి పెట్టుకోండి. ప్రోగ్రామ్ మళ్లీ ఇన్‌స్టాల్ అయినా, ఆనాటి ప్లగిన్లు కొత్త కంప్యూటర్‌లో తెరుచుకుంటాయన్న భరోసా ఉండదు.