సెలవులు రాకముందే ఛార్జర్ చోటు మార్చండి

కిందటేడు సెలవులయ్యాక బడి తెరిచిన మూడో రోజే మా అక్క కొడుకు ప్రార్థన వరుసలో కళ్లు తిరిగి పడిపోయాడు. పద్నాలుగేళ్లవాడు. రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు నాన్నా?" అని డాక్టరుగారు అడిగితే తల దించుకుని "మూడింటికి" అన్నాడు. పదింటికల్లా లైటు ఆర్పేస్తున్నాడు కదా అనుకుంది అక్క. ఇంటికొచ్చి చూస్తే మంచం పక్కనే ఛార్జర్, దాని వైరు దిండు కిందికి వెళ్లి ఉంది.

మళ్లీ సెలవులు దగ్గర పడుతున్నాయి. ఫోన్ ఎక్కువ చూడకూడదని, ఆటలాడాలని అందరికీ తెలుసు. అది వదిలేద్దాం. పిల్లలు పాడైన ప్రతి ఇంట్లోనూ నేను చూసిన పొరపాటు ఒక్కటే. ఛార్జర్ పిల్లల మంచం పక్కన ఉండనివ్వడం.

టీనేజీ వయసులో నిద్ర వచ్చే వేళ ఒంట్లోనే ఆలస్యమవుతుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ చిన్నప్పటికన్నా ఆలస్యంగా విడుదలవుతుంది. అది వాళ్ల బద్ధకం కాదు. దానికి ఫోన్ వెలుతురు, "ఇంకొక్క వీడియో" తోడైతే అర్ధరాత్రి దాటినా కన్ను మూతపడదు. మామూలు రోజుల్లో బడి ఉందని పొద్దున్నే లేస్తారు. సెలవుల్లో ఆ అదుపు పోతుంది. మూడింటికి పడుకున్నవాడు పన్నెండింటికి లేస్తాడు. అప్పటికి తోటి పిల్లల ఆట ముగిసిపోయి ఉంటుంది. ఇక మంచం, ఫోన్. పగలంతా కదలని ఒంటికి రాత్రి నిద్ర ఎలా వస్తుంది? అందుకే పగలు ఫోన్ చూసే గంటలు లెక్కపెట్టి, రాత్రి ఛార్జర్ పక్కన వదిలేస్తే ఏం లాభం లేదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజూ సగటున కనీసం 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ సంస్థ పరిశోధకులు 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ల బడి పిల్లల లెక్కలు తీసి 2019లో ప్రకటించారు. ఆ మాత్రం కూడా కదలనివాళ్లు 81 శాతం. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. ఆ 85 చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆడపిల్ల ఫోన్ పట్టుకుని ఓ మూల కూర్చుంటే "మా అమ్మాయి నెమ్మదస్తురాలు" అని మురిసిపోకండి. బయటికి పంపండి.

ఇక చేయాల్సినవి.

సెలవులకు వారం ముందే మొదలుపెట్టండి. మొదటి రోజు రాత్రి చేతిలోంచి లాక్కుంటే గొడవే మిగులుతుంది.

ఇంట్లో ఛార్జర్లన్నీ హాల్లో ఒకే చోట ఉండాలి. మీవి కూడా. నాన్న ఫోన్ దిండు పక్కన ఉంటే కూతురు తన ఫోన్ హాల్లో పెట్టదు.

"అలారం కోసం" అంటారు. అలారం గడియారం కొనివ్వండి.

"చదువుకోవడానికి" అంటారు. ఆ చదువు పగలు చదవమనండి.

పవర్ బ్యాంక్ కూడా హాల్లోనే. పాత ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేయండి.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. లేచే వేళ బడి రోజులకన్నా గంటకు మించి జరగనివ్వద్దు. లేవగానే ఆరుబయటికి పంపండి, పొద్దుటి వెలుతురు తగిలితే రాత్రి నిద్ర త్వరగా వస్తుంది.

అరగంట కూర్చున్నాక లేచి తిరగాలి.

వారంలో కనీసం మూడు రోజులు పరుగులు, గెంతులు ఉండాలి. ఎముకలు గట్టిపడే వయసు ఇదే, తర్వాత కావాలన్నా ఇంత పట్టు రాదు.

నెలల తరబడి కదలనివాణ్ని ఒక్కసారిగా పరుగు పందెంలో దింపకండి. ముందు నడక, తర్వాతే పరుగు.

అన్నం దగ్గర ఫోన్ వద్దు. ఎవరికీ వద్దు.

చుట్టాలొచ్చారని ఒక్క రాత్రి కూడా సడలించకండి.

ఫోన్ హాల్లో పెట్టమంటే కోపం కాకుండా భయం కనిపిస్తే తిట్టకండి. ఎవరైనా బెదిరిస్తున్నారేమో, పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి.

ఈ రాత్రే పిల్లల గదిలోకి వెళ్లి ఛార్జర్ వైరు ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి.