పొడిగించిన పెరటి గచ్చుపై ఊడే రంగు, తెల్లటి ఉప్పు: సమస్య - పరిష్కారం

రంగు ఊడిందని పిలిచిన ప్రతి ఇంట్లోనూ నేను మొదట అడిగేది ఒకటే: స్టెయిన్ (కాంక్రీటులోకి ఇంకే రంగు) వేసే ముందు గచ్చు మీద ప్లాస్టిక్ షీటు అతికించి చూశారా? "లేదండీ, పైకి పొడిగానే ఉంది కదా" అన్నదే జవాబు. ఒక షీటు ముక్క, ఒక రాత్రి ఓపిక. అంతమాత్రం పనిని దాటవేసి వేల రూపాయల రంగు పోయించిన గచ్చులు చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే పరీక్షలు ముందు చెబుతాను. అరచేతితో నీళ్లు తీసుకుని గచ్చు మీద నాలుగైదు చోట్ల చల్లండి. కాసేపట్లో ఇంకి, ఆ చోటు ముదురు రంగుకు మారితే స్టెయిన్ పడుతుంది. ముత్యాల్లా నిలిచిపోతే పడదు. తరువాత అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శకమైన షీటును నాలుగు అంచులా గాలి చొరకుండా టేపుతో అతికించి కనీసం 16 గంటలు వదిలేయండి. షీటు లోపలివైపు నీటి బిందువులు కనిపించినా, కింద గచ్చు నల్లబడినా చెమ్మ నేలలోంచి వస్తున్నట్టే.

రంగు మచ్చలు మచ్చలుగా పట్టిందా?

గచ్చు నీటిని పీల్చడం లేదు. మన మేస్త్రులు పైన సిమెంటు పాలు పోసి తాపీతో అద్దంలా నునుపు తేలుస్తారు. చూడటానికి బాగుంటుంది కానీ రంగు లోపలికి దిగే దారి మూసుకుపోతుంది. నూనె మరకలు, పాత వార్నిషు చేసే పని కూడా ఇదే. పైపొరను గ్రైండింగ్ యంత్రంతో పలచగా గీయించి, దుమ్ము పూర్తిగా తీసి, నీళ్ల పరీక్ష మళ్లీ చేయండి. కొత్త కాంక్రీటు అయితే 28 రోజులు నిండేదాకా రంగు డబ్బా మూత తీయకండి.

పాతదానికీ కొత్తదానికీ రంగు కలవలేదా?

కలవదు. పదేళ్లు ఎండావానలు తిన్న కాంక్రీటు, నెల కిందట పోసిన కాంక్రీటు రంగును ఒకేలా పీల్చవు. సరిపెట్టాలని ఒకదానిపై ఒకటి పూతలు వేస్తూ పోతే రెండూ చెడతాయి. అతుకు వెంబడి అర అడుగు పట్టీని ముదురు రంగులో వేయించండి. కావాలని వేసిన అంచులా ఉంటుంది, తేడా కంటికి ఆనదు.

అతుకు దగ్గర పగులు వచ్చిందా?

కొత్త భాగం దిగింది. మన నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, వేసవికి ముడుచుకుని నెర్రెలు తీస్తుంది. దాని మీద బుసక (ఇసుక మట్టి) ఒకేసారి రెండడుగులు పోసి, పైపైన తడిపి, మర్నాడే కాంక్రీటు వేస్తే దిగక ఏమవుతుంది? ఆరంగుళాల పొర చొప్పున పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టించాలి. పాత గచ్చుకు కొత్తదాన్ని అతికించి పోయకూడదు. మధ్యలో అరంగుళం మందం ఫైబర్ బోర్డు నిలబెట్టి, పైన సాగే సీలెంటు నింపాలి. ఇప్పటికే పగిలి ఉంటే ఆ గీత వెంబడే కోత కోసి సీలెంటు నింపండి. సిమెంటుతో పూడిస్తే వచ్చే వేసవికి మళ్లీ తెరుచుకుంటుంది.

అతుకు పక్కన, పాత గచ్చువైపు తెల్లటి చార వచ్చిందా?

నన్ను దెబ్బతీసింది ఇదే. కాలువ గట్టు పక్కనున్న ఒక ఇంట్లో మే నెలలో గచ్చు పెంచాను. పనిలో లోటు చేయలేదు. కొత్త భాగం కింద 250 మైక్రాన్ల పాలిథిన్ పరిచాను, నాలుగంగుళాల మందం పోశాను, వాలు అడుగుకు పావు అంగుళం ఇచ్చాను. షీటు పరీక్ష కూడా చేశాను, పొడిగానే వచ్చింది. ఇటుక రంగు స్టెయిన్, దాన్ని కాపాడటానికి పైన మెరిసే సీలర్ పూత. ఆగస్టులో ఆ ఇంటావిడ ఫోను చేశారు. వెళ్లి చూస్తే అతుకు వెంబడి పాత గచ్చు మీద జానెడు వెడల్పున తెల్లటి చార. గోటితో గీస్తే సీలర్ ఉల్లిపొరలా లేచింది. దాని కింద దూదిలా మెత్తటి ఉప్పు. ఆవిడ రోజూ ఈనెల చీపురుతో ఊడుస్తున్నారట, తెల్లారేసరికి మళ్లీ పూస్తోందట. నేను సీలర్‌దే తప్పనుకుని గీయించి మళ్లీ వేశాను. మరుసటి ఏడు వానలకు అదే చోట, అదే చార.

నేను గమనించనివి రెండు. మొదటిది కాలం. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన డెల్టా నేల తడి కాలువల వెంట నడుస్తోంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు భూమిలో నీటి మట్టం దిగుతుంది, షీటు పొడిగా వస్తుంది. సార్వా (వానాకాలపు వరి) నాట్ల వేళకు అదే నేల అడుగు లోతులో చెమర్చుతుంది. మే నెల పరీక్షను నమ్మడం నా పొరపాటు.

రెండోది ఇంకా లోతైనది. పాత గచ్చు కింద పాలిథిన్ లేదు. అయినా అన్నేళ్లూ పొడిగా ఉందంటే, కింది తడి పక్కనున్న ఖాళీ మట్టిలోంచి ఆవిరై పోతూ ఉండేది. ఆ మట్టిని నేను పాలిథిన్‌తో, కాంక్రీటుతో మూశాను. దారి లేని తడి పాత గచ్చులోంచి, అతుకులోంచి పైకి లేచింది. వస్తూ ఉప్పును మోసుకొచ్చింది. పైన సీలర్ అడ్డుపడితే దాని కిందే గడ్డకట్టి పొరను లేపింది. "పాత గచ్చుకు ఎన్నడూ చెమ్మ లేదండీ" అని ఎవరైనా ధీమాగా చెబితే, పొడిగించాక వస్తుందేమోనని నేను ఇప్పుడు మరింత జాగ్రత్త పడతాను.

సరిచేయడం పైనుంచి కాదు, పక్కనుంచి మొదలుపెట్టాలి. కప్పు మీది వాన గొట్టం, బోరింగు, అంట్లు తోమే చోటు, వీటి నీరు గచ్చు పక్కన ఇంకకుండా కాలువలోకి మళ్లించండి. పాత గచ్చుకు ఇంకా ఖాళీగా ఉన్న వైపున అడుగు వెడల్పు, అడుగున్నర లోతు తవ్వి, 40 ఎంఎం కంకర నింపి తెరిచే ఉంచండి. నీరు పోయే పల్లం ఉంటే అడుగున చిల్లుల గొట్టం వేయండి. ఆ తరువాత సీలర్ పొరను పూర్తిగా తీసేసి, ఉప్పును పొడి బ్రష్షుతో రుద్ది ఎత్తిపోయండి. నీళ్లతో కడగకండి, కరిగి మళ్లీ లోపలికే దిగుతుంది. బ్రష్షుకు రాని గట్టి తెలుపు సున్నపు పొర. గచ్చు తడిపి, పది పాళ్ల నీటిలో ఒక పాలు మ్యూరియాటిక్ యాసిడ్ కలిపి రుద్ది, వెంటనే బాగా కడిగేయాలి. యాసిడ్‌ను నీటిలో పోయాలి, యాసిడ్‌లో నీరు పోయకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పవు.

మళ్లీ మెరిసే సీలర్ జోలికి వెళ్లకండి. కాంక్రీటులోకి ఇంకి, ఆవిరిని బయటికి పోనిచ్చే సైలేన్-సైలాక్సేన్ రకం వాడండి. మెరుపు ఉండదు, రంగు మాత్రం నిలుస్తుంది.

తెలుపు చారలా కాకుండా కొత్త భాగమంతా సమానంగా పూస్తే కథ వేరు. కాంక్రీటు కలిపిన నీళ్లో ఇసుకో ఉప్పువి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో, చెరువుల మధ్య బోరు నీటితో ఇది జరుగుతుంది. నోట్లో ఉప్పగా తగిలే నీరు కాంక్రీటుకు వద్దు. ఒకటి రెండు వానాకాలాలు బ్రష్షుతో తీస్తూ ఉంటే తగ్గుతుంది, ఆ తరువాతే రంగు.

కొబ్బరి వేళ్లు గచ్చును లేపాయంటారు. అవి పీచు వేళ్లు, ఆ పని చేయడం చాలా అరుదు. సిమెంటు కంపెనీని, రంగు కంపెనీని తిట్టడం కూడా చివరికి పెట్టుకోండి.

షీటు పరీక్ష సార్వాలో, కాలువలు నిండుగా పారుతున్నప్పుడు చేయండి. అప్పుడు పొడిగా వస్తే రంగుకు జనవరి సరైన నెల. దాళ్వాకు (రెండో వరి పంటకు) కాలువలో నీరుంటుంది, వాన ఉండదు, గచ్చు తన అసలు తడిమీదే ఉంటుంది.