యూవీ లెక్కలు – 4వ పాఠం: పొద్దున ఆరున్నరకే మిట్టమధ్యాహ్నమా?

పోయినసారి చివర్లో ఒక చిన్న పని ఇచ్చాను. ఏ చోటికైనా ఎండ, వాతావరణ లెక్కలిచ్చే నాసా పవర్ సైటులో తిరుపతి అక్షాంశం 13.63, రేఖాంశం 79.42 కొట్టి, గంటగంటకీ యూవీ ఇండెక్స్ (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే అంకె) తెప్పించి, ఏప్రిల్ 27న ఏ గంటలో ఎక్కువుందో రాసి పంపమన్నాను. పది నిమిషాల పని అనుకున్నా. జవాబులు చూశాక నాకే టెన్షన్ పట్టుకుంది. సగానికి సగం మంది "ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య" అని రాశారు. ఒకరికి సగటు మైనస్‌లో వచ్చింది. చంద్రగిరి నుంచి ఒక అబ్బాయి అయితే నేరుగా అడిగేశాడు: "మీరు చెప్పినట్టే చేస్తిని సార్. పొద్దున ఆరున్నరకు మా నాయన పాలు పోసి వస్తా ఉంటాడు. ఆ టయానికి అంత ఎండ యాడుంది?"

బాగా అడిగాడు. మిగతావాళ్ళు అంకె రాసి పంపేశారు, ఇతను కిటికీలోంచి బయటికి చూశాడు.

ఈ వారం కెనడా డేటా కేంద్రంలోకి తీసుకెళ్తానన్నాను. వెళ్దాం. ముందు ఈ చిక్కు విప్పాలి, లేకపోతే అక్కడా ఇదే చిక్కు.

సమయం రెండు రకాలుగా ఎంచుకోవచ్చని, అందులో యూటీసీ, అంటే గ్రీనిచ్ వేళతో నడిచే ప్రపంచ గడియారం, ఎంచుకోమని చెప్పింది నేనే. అది నా అలవాటు. ఏ దేశం ఫైలైనా ఒకే గడియారంలో ఉంటే నాకు పని సులువు. యూటీసీకి ఐదున్నర గంటలు కలిపితే మన టైము వస్తుందని మాత్రం చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నా. తెలిసిందే, కానీ ఫైలు ముందు కూర్చున్నప్పుడు గుర్తు రాదు. కొన్నేళ్ళ కిందట ఒక కాలేజీలో పిల్లలకు గ్రాఫు చూపిస్తూ నేనూ ఇదే తప్పు చేశాను. గ్రాఫు శిఖరం ఆరున్నర దగ్గరుంటే, "మబ్బుల వల్లేమో" అని ఏదో చెప్పి తప్పించుకున్నా. ఇంటికొచ్చాక తెలిసింది మబ్బు ఆకాశంలో లేదని.

కాబట్టి దీన్ని వేళ్ళతో లెక్కపెట్టుకుందాం. మన గడియారం తిరుపతిది కాదు. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత కాకినాడకు దగ్గరగా వెళ్తుందని స్కూల్లో చదువుకున్నాం. తిరుపతి దానికి పడమరగా మూడు డిగ్రీల పైచిలుకు. సూర్యుడు ఒక్కో డిగ్రీ దాటడానికి నాలుగు నిమిషాలు. మూడు నాలుగుల పన్నెండు. అంటే గడియారంలో పన్నెండు కొట్టిన పన్నెండు నిమిషాలకు గానీ సూర్యుడు మన నడినెత్తి గీత మీదికి రాడు. 12:12 లోంచి ఐదున్నర గంటలు తీసేయండి. 6:42. అదీ ఆ ఆరున్నర కథ. ఫైలు అబద్ధం చెప్పలేదు, లండన్‌లోని గ్రీనిచ్‌లో కూర్చుని చెప్పింది.

ఈ 12:12 ఏడాది పొడుగునా కదలకుండా ఉండదు. భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, అక్షం కూడా వాలి ఉంటుంది. అందువల్ల ఫిబ్రవరి మధ్యలో మన మిట్టమధ్యాహ్నం సుమారు 12:26కి, నవంబరు మొదట్లో 11:56కే వస్తుంది. ఏప్రిల్ చివర 12:10. నమ్మకపోతే మిద్దె మీదికి వెళ్ళండి.

నేను వెళ్ళాను. మా ఇంట్లో మిద్దె మీద వడియాలు ఆరబెట్టిన రోజది. కాకులు రాకుండా పక్కన ఒక కర్ర పాతి నల్లగుడ్డ కట్టారు. గుడ్డ విప్పేసి, కర్ర నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి సరిచూసుకుని, పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకొకసారి నీడ కొసన సుద్దతో చుక్క పెట్టాను. పన్నెండుకి నీడ ఇంకా రవ్వంత పడమరకే ఉంది. 12:05కి వేలి మందం. 12:10కి కర్ర మొదట్లోకి దూరిపోయింది. 12:20కి తూర్పు వైపు బయటికి తొంగిచూసింది. ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు తిరుపతికి సరిగ్గా తల మీదికి వస్తాడు కాబట్టి అలా నీడే లేకుండా పోతుంది. ఆగస్టు మధ్యలో ఇంకోసారి వస్తాడు, కానీ అప్పుడు మబ్బులు కనికరించాలి. ఈలోగా కాకులు తమ వాటా తీసుకెళ్ళాయి. ఇంట్లో మాట పడ్డాను. అది వేరే పాఠం.

దీన్ని ఇంతగా సాగదీస్తున్నానని మీకు అనిపించొచ్చు. సాగదీస్తాను. యూవీ డేటాలో నేను చూసిన తప్పుల్లో సగం గడియారం తప్పులే. వేడికీ యూవీకీ ఒకే వేళ అంటగట్టడం కూడా ఇలాంటిదే. పుత్తూరు నుంచి ఒకమ్మాయి "మూడు గంటలకు కదా ఎండ మండేది, మరి ఇండెక్స్ అప్పటికే దిగిపోయిందేం?" అని అడిగింది. నేల వేడెక్కి, అది గాలిని వేడెక్కించడానికి వేళ పడుతుంది, అందుకే రెండు, మూడు గంటలకు ఉక్కిరిబిక్కిరి. యూవీ అలా నిలవ ఉండదు. సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటే అంత. దారిలో గాలి పొర, ఓజోన్ పొర ఎంత పలచగా తగిలితే అంత ఎక్కువ దిగుతుంది. ఒంటికి చుర్రుమనడం కొలతబద్ద కాదు.

మైనస్ సగటు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పవర్ సైటు లెక్క లేని చోట ఖాళీ వదలదు, మైనస్ 999 అని రాస్తుంది. 7.2, 8.1, మైనస్ 999, 7.9 అని నాలుగు అంకెలుంటే సగటు మైనస్ 243.95 వస్తుంది. ఆ ఒక్కటీ తీసేస్తే 7.73. ఫైలు పైన హెడర్‌లో ఈ సంగతి రాసే ఉంటుంది. హెడర్ చదవకుండా కిందికి దిగేవాళ్ళకు నేను చేయగలిగింది లేదు.

ఇంకొక ఫిర్యాదు: "తిరుపతికీ చిత్తూరుకీ అంకెలు ఒక్కటే వస్తున్నాయి, సైటు పాడైందా?" పాడవలేదు. ఆ అంకెలు కొలిచినవి కావు. మన ఊళ్ళో ఎవరూ యంత్రం పెట్టి చూసి రాయలేదు. ఉపగ్రహాలు చూసిన మబ్బులూ ఓజోనూ తీసుకుని కంప్యూటర్ కట్టిన లెక్క అది. ఆ లెక్క భూమిని ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు గళ్ళుగా కోస్తుంది. ఒక్కో పక్క వంద కిలోమీటర్ల పైమాటే. తిరుపతి, చిత్తూరు, మధ్యలో పాకాల, పైన తిరుమల కొండ, అన్నీ ఒకే గడిలో. పలమనేరు రేఖాంశం 78.75 కాబట్టి అది పక్క గడిలో పడుతుంది. అక్కడివాళ్ళు చూస్తే అంకె మారుతుంది, చూడండి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే యూవీ పది, పన్నెండు శాతం పెరుగుతుంది. తిరుమల దాదాపు ఎనిమిదిన్నర వందల మీటర్ల ఎత్తు. మెట్లెక్కి పైకి వెళ్ళినవాడి నెత్తికి ఆ తేడా తగులుతుంది, గడికి తెలియదు.

అందుకే ఈ వారం కొలతల దగ్గరికి వెళ్దామన్నది. ప్రపంచ ఓజోన్, అతినీలలోహిత వికిరణ డేటా కేంద్రం టొరంటోలో ఉంది. కెనడా పర్యావరణ శాఖ నడుపుతుంది. 1960లో ఓజోన్ కోసం మొదలైంది, 1992లో ప్రపంచ వాతావరణ సంస్థ అడిగితే యూవీని కూడా కలుపుకుంది. పేరు పెద్దది, పొట్టిగా డబ్ల్యూఓయూడీసీ. ఇక్కడున్నవి ఒక చోట, ఒక యంత్రం, ఒక వేళ చూసిన కొలతలు. "మన గాదంకిలో అంత పెద్ద రాడార్ ఉంది కదా, అక్కడివి తీసుకోవచ్చుగా?" అని ఒకరు అడిగారు. చిత్తూరు దారిలో కనిపించే ఆ రాడార్ పైన గాలుల కదలికను చూస్తుంది. యూవీని కొలిచే పరికరాలు వేరు. ఈ కేంద్రంలో ఎక్కువగా కనిపించేది బ్రూవర్ అనే యంత్రం. సూర్యుడి కాంతిని సన్నసన్నగా విడదీసి, ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఎంతుందో విడిగా రాస్తుంది.

సైటు తెరవడం, స్పెక్ట్రల్ అనే విభాగం ఎంచుకోవడం, స్టేషనూ సంవత్సరమూ నొక్కి ఫైలు దించుకోవడం ఇవన్నీ చెప్పను. తత్కాల్ టికెట్ తీసుకున్న చేతికి అదేం కష్టం కాదు.

దించుకున్న ఫైలును దయచేసి ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేయొద్దు. నేను ముందు నోట్‌ప్యాడ్‌లోనే తెరుస్తాను. మామూలు సీఎస్‌వీ ఫైలంటే (అంకెల మధ్య కామాలుండే ఫైలు) ఒకే పట్టిక. ఇందులో చాలా పట్టికలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ప్రతి పట్టికకూ హ్యాష్ గుర్తుతో మొదలయ్యే పేరు. ప్లాట్‌ఫామ్ అంటే ఏ స్టేషను, ఇన్‌స్ట్రుమెంట్ అంటే ఏ యంత్రం, లొకేషన్ అంటే ఎక్కడ, ఎంత ఎత్తు. తర్వాత టైమ్‌స్టాంప్ అంటే ఏ వేళ, గ్లోబల్ అంటే ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర కొలత, గ్లోబల్ సమ్మరీ అంటే ఆ కొలతల సారాంశం. యంత్రం ఎన్నిసార్లు చూస్తే ఈ చివరి మూడూ అన్నిసార్లు మళ్ళీ వస్తాయి. ఎక్సెల్ దాన్ని ఒకే పట్టిక అనుకుని కలగాపులగం చేస్తుంది.

టైమ్‌స్టాంప్‌లో మొదటి గడి యూటీసీ ఆఫ్‌సెట్. అక్కడ సున్నాలుంటే ఆ ఫైలు గడియారం గ్రీనిచ్‌ది. ప్లస్ 9 ఉంటే జపాన్‌ది. దాన్ని చూడకుండా కిందికి వెళ్ళారంటే పైన చెప్పిందంతా వృథా, మా వడియాలతో సహా.

గ్లోబల్ సమ్మరీలో ఇంట్‌సీఐఈ అనే నిలువు వరస ఉంటుంది. మనకు కావలసింది అదే. చర్మం ఎర్రబడే గుణానికి తగ్గట్టు తూకం వేసి కూడిన శక్తి, చదరపు మీటరుకు వాట్లలో. 0.2843 అని ఉందనుకోండి, దాన్ని 40తో గుణిస్తే 11.37, అదే యూవీ ఇండెక్స్. 11 దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అన్నిటికన్నా పై మెట్టు. 0.28 చూసి "ఇక్కడ ఎండే లేదు" అని రాయకండి. 284.3 అని కనిపిస్తే అది మిల్లీవాట్లు, 25తో భాగించాలి. జవాబు ఒకటే. ఇక్కడ కొలత లేకపోతే మైనస్ 999 ఉండదు, రెండు కామాల మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని సున్నా చేయకండి.

మొదటి ఫైలుకు టొరంటోనే తీసుకోండి, స్టేషన్ నంబర్ 065. ఎందుకో చెప్తే నవ్వుకుంటారు. దాని రేఖాంశం మైనస్ 79.47. మనది ప్లస్ 79.42. భూగోళానికి అటొకరు, ఇటొకరు. అక్కడ మిట్టమధ్యాహ్నం సగటున 17:18 యూటీసీ, మనకు 6:42. రెండూ కూడితే సరిగ్గా 24 గంటలు. దీన్ని కనిపెట్టిన రోజు నేను ఎవరికి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు, అందుకే మీకు చెప్తున్నా. పవర్ సైటులో ఇద్దరు తిరుపతి రేఖాంశానికి పొరపాటున మైనస్ పెట్టారు. వాళ్ళకు వచ్చింది కరీబియన్ సముద్రం మధ్యలో ఎండ. అంకెలు నమ్మేలాగే ఉన్నాయి, అక్షాంశం ఒకటే కదా. శిఖరం మాత్రం 17 గంటల దగ్గర ఉంది. గడియారం చూడబట్టే దొంగ దొరికాడు.

ఇక అభ్యాసం. మరిచిపోయేవాణ్ణి.

టొరంటో స్టేషన్‌లో ఏదైనా జూన్ నెల ఫైలు ఒకటి, జపాన్‌లోని నహా స్టేషన్, నంబర్ 190, జూలై ఫైలు ఒకటి తీసుకోండి. రెండింటిలో అన్ని సమ్మరీలూ ఏరి, ఇంట్‌సీఐఈ పెద్దది ఎక్కడుందో చూసి 40తో గుణించండి. దాని వేళను యూటీసీలో, ఆ ఊరి సూర్యుడి వేళలో, మన గడియారంలో, మూడు విధాలా రాయండి. తర్వాత ఆ పెద్ద అంకె వచ్చిన స్కాన్ (యంత్రం ఒకసారి చూసిన చూపు) ఒక్కదానికీ, దాని గ్లోబల్ పట్టికలోంచి ఇంట్‌సీఐఈని మీరే చేత్తో కట్టండి. తరంగదైర్ఘ్యం 298 నానోమీటర్ల వరకు తూకం 1. అక్కడి నుంచి 328 వరకు, 298లోంచి తరంగదైర్ఘ్యం తీసేసి 0.094తో గుణించి, పదికి ఆ ఘాతం వేయండి. 328 దాటాక, 140లోంచి తీసేసి 0.015తో గుణించి, మళ్ళీ పదికి ఘాతం. సరిచూసుకోవడానికి: 300 దగ్గర 0.649, 310 దగ్గర 0.0745, 320 దగ్గర 0.00855 రావాలి. ప్రతి వరస కొలతనూ దాని తూకంతో గుణించి, రెండు వరసల మధ్య ఎడంతో గుణించి, అన్నీ కూడండి. యంత్రం 325 దగ్గరే ఆగిపోయి ఉంటే, స్టేషన్‌వాళ్ళు మిగతాది అంచనా కట్టి కలిపి ఉంటారు కాబట్టి మీ మొత్తం కొంచెం తక్కువ రావచ్చు. కొంచెం తక్కువైతే ఫరవాలేదు. పది రెట్లు తేడా వస్తే ఎడంతో గుణించడమో, ఘాతం గుర్తో ఎక్కడో జారింది.

దీనికి ఒక ఆదివారం సరిపోదు, రెండు పెట్టుకోండి. పంపేటప్పుడు అంకె పక్కన ప్రమాణం, వేళ పక్కన ఏ గడియారమో రాయండి. అవి లేని జవాబులు చదవకుండా తిప్పి పంపుతాను. చంద్రగిరి అబ్బాయి మాత్రం వాళ్ళ నాయన పాలు పోసి వచ్చే వేళకు నహాలో ఎంత ఇండెక్స్ ఉందో కూడా చూసి రాయాలి.