కెర్నెల్ స్టాక్ ట్రేస్‌లో ప్రశ్నార్థకాలు: నాకు పనిచేసిన మార్పు

ఎక్స్86-64 లినక్స్, ఓఆర్‌సీ అన్‌వైండర్ (ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో స్టాక్‌లో వెనక్కి వెతికి ట్రేస్ ఇచ్చే కెర్నెల్ భాగం). ట్రేస్ మా అసెంబ్లీ ఫంక్షన్ దాటగానే పేర్లన్నిటి ముందూ ప్రశ్నార్థకాలు, అంటే అవి నమ్మదగ్గవి కావని. లైవ్‌ప్యాచ్ (రీబూట్ లేకుండా నడుస్తున్న కెర్నెల్‌ని సరిచేయడం) కూడా ఆ టాస్క్ దగ్గరే ఆగిపోయేది. ఫ్రేమ్ పాయింటర్లు, డీబగ్ ఇన్ఫో, కంపైలర్ మార్పు: ఏదీ పనికిరాలేదు.

లోపం అసెంబ్లీ ఫంక్షన్ మొదలును ప్రకటించే మాక్రోలో ఉంది. ఫంక్షన్ సిమ్_కోడ్_స్టార్ట్‌తో మొదలైంది. అలా రాస్తే ఆబ్జ్‌టూల్ (బిల్డ్‌లో ఆబ్జెక్ట్ ఫైళ్లను పరిశీలించి ఓఆర్‌సీ సమాచారం తయారుచేసే సాధనం) దాన్ని మామూలు ఫంక్షన్‌గా లెక్కలోకి తీసుకోదు, హింట్లు (స్టాక్ స్థితిని చెప్పే సూచనలు) లేకపోతే ఓఆర్‌సీ సమాచారమూ తయారుచేయదు. ముందు దాన్ని సిమ్_ఫంక్_స్టార్ట్‌గా, చివర సిమ్_ఫంక్_ఎండ్‌గా మార్చాను. మళ్లీ బిల్డ్ చేస్తే "రిటర్న్ విత్ మాడిఫైడ్ స్టాక్ ఫ్రేమ్" అని హెచ్చరిక. దయచేసి దాన్ని నొక్కిపెట్టకండి, అది నిజమే చెబుతోంది: ఎర్రర్ దారిలో స్టాక్‌లోకి పుష్ చేసిన ఆర్‌బీఎక్స్ రిజిస్టర్‌ని పాప్ చేయకుండానే రిటర్న్ అవుతోంది. ఆ ఒక్క పాప్ చేర్చాక హెచ్చరిక పోయింది, ట్రేస్ చివరిదాకా శుభ్రంగా వచ్చింది.

మామూలుగా కాల్ అయ్యే ఫంక్షన్లకే ఈ మార్పు. ఇంటరప్ట్ ఎంట్రీ కోడ్‌కి సరిపడదు, అక్కడ అన్‌వైండ్ హింట్లు చేత్తో రాయాల్సిందే.