ఖైదీని కలిసే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గర ఖైదీలను అంచనా వేసే పని నేర్చుకునేవాళ్లకు ముందు చెప్పేది: పిల్లలపై లైంగిక నేరం చేసినవాణ్ని కలిసేముందు చార్జిషీటు, తీర్పు చదవండి. ఒడియా కాగితం అర్థం కాకపోతే చదివించుకోండి, ఊహించొద్దు. అతని మాటొక్కటే నమ్మితే రిపోర్టు అతను రాసినట్టే.

అతను కొత్త నేరం బయటపెడితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పాల్సి వస్తుందని అతనికి ముందే చెప్పండి. ఇబ్బందే, తప్పదు.

నేరం చేసిన ప్రతివాడికీ పీడోఫిలియా, అంటే చిన్నపిల్లలపై లైంగిక ఆకర్షణ అనే రుగ్మత, ఉండదు. మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం ఆ ఆకర్షణ కనీసం 6 నెలలు ఉండాలి. అతనికి 16 ఏళ్లు నిండి, పిల్లకన్నా 5 ఏళ్లయినా పెద్దవాడై ఉండాలి.

మళ్లీ లైంగిక నేరం చేసే ముప్పును అంచనా వేసే స్కోరు పట్టిక స్టాటిక్-99ఆర్‌లో 10 అంశాలు. బాధితురాలు బంధువుల పిల్లయితే స్కోరు తగ్గుతుంది. నేరస్థుడి వయసు 60 నిండితే ఇంకో 3 పాయింట్లు తీసేస్తారు. ఇంట్లో మనవరాలున్న తాత విషయంలో ఆ అంకె చూసి నిశ్చింతగా సంతకం పెట్టకండి.